చెయ్యి పొడవు

పెరంబూరులో వంతెన దిగగానే
ఎడమచేతి వైపు మూడో మందుల కొట్టు నాది.
ఇరవై రెండేళ్ళుగా
డాక్టర్ల కోడిగీతలు చదివి బతుకుతున్నవాణ్ణి.

మొదట లైటు మీద నెపం పెట్టాను,
ట్యూబు మార్పించాను.
తరవాత కంపెనీల మీద.
వెండి రేకు మీద బూడిదరంగు సిరా ఏమిటయ్యా,
ఏటేటా అక్షరాలు అరగదీస్తున్నారా అని
రిప్రజెంటేటివ్ కుర్రాణ్ణి కసిరాను.
"అవును సార్" అన్నాడు వాడు, మర్యాదకి.
అక్షరం మాత్రం బెత్తెడు బెత్తెడు వెనక్కి జరిగింది.
దాని వెంటే చెయ్యీ జరిగింది.
ఒకరోజు చెయ్యి అయిపోయింది.

ఆ శనివారం, ఆడి తగ్గింపుల రద్దీలో
దిల్షాద్ నా మణికట్టు పట్టుకుంది.
పనిలో చేరి నాలుగు నెలలు కాలేదు.
"అణ్ణా, ఇది ఇరవై ఐదు.
చీటీలో ఉన్నది రెండున్నర."
మెల్లగా అంది, అవతలివాడికి వినబడకుండా.
మధ్యలో ఒక చుక్క.
ఆవగింజలో సగం కూడా ఉండదు.
కొనేవాడు ఫోనులో స్కోరు చూసుకుంటున్నాడు,
వాడికి ఇప్పటికీ తెలియదు.
నాకు ఆ రాత్రి ముద్ద దిగలేదు.

చత్వారం.
అమ్మమ్మ నోట ఆ మాట విన్నప్పుడు
అదేదో మిఠాయి పేరనుకునేవాణ్ణి.
నలభై దాటిన చూపుకి నలభై అనే పేరు పెట్టారు,
ఎవరో లెక్కల మనిషి అయ్యుంటాడు.
నాకు నలభై ఏడు.
ఏడేళ్ళు వాయిదా వేశాను.

కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళడానికి సిగ్గేసింది,
ఆయన చీటీలన్నీ నా కొట్టుకే వస్తాయి.
స్టేషను బయట గొడుగు కింద
చెల్లప్పన్ అట్టకి గుచ్చిన కళ్ళద్దాల్లోంచి
ఒకటిన్నర తీసి నా ముక్కు మీద పెట్టాడు.
చదివి చూడటానికి ఏదో ఒకటి కావాలిగా,
చొక్కా జేబులోంచి మడత విప్పి ఇచ్చాడు.
మా కొట్టు కవరు.
దాని మీద నా రాత:
పొద్దున అర, రాత్రి ఒకటి, తిన్నాక.
చీమలబారు.
అద్దాల్లోంచి చూసినా చీమలే,
కాళ్ళు కనబడ్డాయి, అంతే తేడా.

"ఇది నువ్వు చదవగలుగుతున్నావా?"
"మనవరాలు బడి నుంచి వచ్చాక చెప్తుంది సార్.
పొద్దున్నది అందాజుగా వేసుకుంటా."
"ఇన్ని కళ్ళద్దాలు పెట్టుకునా?"
"ఇవి అమ్మేవి కదా."

మందు చేతికి రాగానే
వెలుతురు వైపు తిరిగేవాళ్ళు ఎంతమందో.
మెడ వెనక్కి విరిచి, చెయ్యి బారజాపి,
తడిపిన పసివాణ్ణి పట్టుకున్నట్టు
కవరుని ఎడంగా పట్టుకునేవాళ్ళు.
ధర సరిచూసుకుంటున్నారనుకున్నాను.
నన్ను నమ్మడం లేదనుకున్నాను.
"గడువు ఇంకా ఉందిలే అవ్వా, పో"
అని ఒకావిడని విసుక్కున్నాను కూడా.
ఆకుపచ్చ చీర. మళ్ళీ రాలేదు.
ఏ మందు ఇచ్చానో గుర్తుంది, పేరు అడగలేదు.

ఇప్పుడు నల్లదారంతో మెడలో వేలాడుతున్నాయి.
ఆవుకి గంట కట్టినట్టుందంటుంది మా రేణుక.
పెట్టుకుంటే చుక్క కనబడుతుంది,
ఎదురుగా ఉన్న మనిషి మసకబారుతాడు.
తీస్తే మనిషి వస్తాడు, చుక్క పోతుంది.
రెండూ కనబడేవి ఉన్నాయట,
ఆరువేలట. చూద్దాం.

కవర్ల మీద లావు పెన్నుతో రాస్తున్నాను.
ఒకటికి నిండు సున్న,
అరకి సగం సున్న.
చోటు చాలక పెద్ద కవర్లకి ఆర్డరిచ్చాను.

"బోర్డు రాస్తున్నావా అణ్ణా?" అని నవ్వుతుంది దిల్షాద్.
ఆ పిల్లకి ఇరవై మూడు.
కరెంటు పోయినా
వీధి వెలుగులో స్ట్రిప్పు వెనక చదివేస్తుంది.
నేనేమీ అనను.
ఆ పిల్ల రాసిన కవరు ఒకటి తీసుకుని
చెయ్యి చాపి చూపిస్తాను,
ఇంత దూరం నుంచి, అని.