తెల్లబట్ట

పీణ్యలో రోజంతా నేను కుట్టేది తెల్లబట్టే.
గంటకి నలభై కాలర్లు.
పక్క మిషను మాబున్నితో చెప్పలేనిదీ
ఆ మాటే.

ఫోన్లో ఆ నంబరుకి "చీటీ అక్క" అని పేరు పెట్టుకున్నా.
రూములో నలుగురం, ఒకటే చార్జరు,
ఎవరి ఫోను ఎవరి చేతిలో ఉంటుందో తెలీదు.

రాత్రి తొమ్మిదిన్నరకి దుప్పట్లో దూరి
దురద అని కొట్టి చెరిపాను.
వాసన అని కొట్టి చెరిపాను.
చివరికి అక్షరాలు తప్పుతూనే పంపేశా:
"అక్కా, తెల్లబట్ట. వేడి చేసిందా?"

అవతల మూడు చుక్కలు కదిలాయి.

"వేడి కాదమ్మా, నీ తప్పూ కాదు.
మజ్జిగతో పోదు.
గురువారం సాయంత్రం ఆస్పత్రిలో లేడీ డాక్టరుంటారు.
పరీక్షలో ఏదన్నా తేలితే
మందు ఇద్దరూ వేసుకోవాల్సి రావచ్చు."

ఇద్దరూ.
ఆ రెండో మనిషి సంగతి నేను రాయనే లేదు,
అక్క అడగనూ లేదు.
ఎంత మెత్తగా పీట వేసి కూర్చోబెట్టింది అతన్ని!

ఆ ముక్క అట్లాగే అతనికి పంపాను.
రెండు టిక్కులూ నీలమయ్యాయి.
తర్వాత ఏమీ లేదు. పన్నెండు దాకా చూశా.

గురువారం, సగం పూట లీవు కాగితంలో
కారణం దగ్గర తలనొప్పి అని రాయబోయి
డాక్టరు అని రాశా.
సూపర్‌వైజరు "బేగ బా" అన్నాడు, అంతే.

గేటు దగ్గరికి మాబున్ని పరిగెత్తుకొచ్చింది:
"అక్కా, నీ చీటీలో నన్నూ చేర్చుకోవా?
నెలకెంత కట్టాల?"

దాని మొహం చూశా.
అది అడుగుతున్నది చీటీ గురించి కాదు.