మూడో ఎపిసోడ్‌లో శవం

ఈ చలికాలం కొత్తగా మొదలయ్యే సీరియళ్ల పేర్లన్నీ
బస్టాపు అద్దాల మీద అతికించారు.
వాటిల్లో నా పేరు వెతకొద్దు.
అయినా ఆదివారం రాత్రి తొమ్మిదింటికి
కాలవగట్టున దొరికే ఆడమనిషిని
నేనే.

కార్డిఫ్‌లో అరవై ఒకటో నంబరు బస్సు నడుపుతాను.
కామేశ్వరి అనడానికి నోరు తిరగక
డిపోలో అందరూ కామ్ అంటారు.
పేరుకి తగ్గ వేషం
ఇన్నాళ్లకి దొరికింది.
"పడుకుంటే డబ్బులిస్తారే!" అని
ఫారం నింపి పంపింది గ్వెనెత్.

గంటసేపు నా పెదాలకి నీలం పూసిందొక పిల్ల.
పెళ్లినాడు కూడా ఇంత ముస్తాబు లేదు.
తడి బురద, వీపు కింద ఏదో సీసా మూత.
ఊపిరి బిగబట్టమన్నారు, బిగబట్టాను.
ఒక బాతు వచ్చి
నా బూటు తాడు లాగి చూసి
నచ్చక వెళ్లిపోయింది.

అప్పుడు ఆ డిటెక్టివ్ నా మీదకి వంగి
చాలా మెల్లగా అడిగింది:
"ఎవరమ్మా నువ్వు?"

వెలుతురు సరిపోలేదని ఒకసారి,
విమానం పోయిందని ఒకసారి,
బాతు మళ్లీ వచ్చిందని ఒకసారి,
మొత్తం ఏడుసార్లు అడిగింది.
ఏడుసార్లూ జవాబు నాలిక చివరిదాకా వచ్చింది.
తొమ్మిదేళ్లుగా దిగే ప్రతివాళ్లూ
"థాంక్స్ డ్రైవ్" అంటారు, మర్యాదస్తులే,
ఈ మాట మాత్రం ఎవరూ అడగలేదు.
చివరిసారి ఆవిడ కన్నీటి చుక్క
నా చెంప మీద పడింది.
వేడిగా ఉంది. నటనే అయినా వేడిగానే ఉంది.

మర్నాటి వారం కామెడీకి వెళ్లాం,
టిక్కెట్లు ఊరికే ఇస్తున్నారని.
మూడు గోడల వంటిల్లు, నాలుగో గోడ మేము.
నవ్వమన్నప్పుడు నవ్వాలి,
అదే జోకు నాలుగోసారి చెప్పినా
అదే మొదటిసారన్నట్టు నవ్వాలి.
తెల్లారుజామున నాలుగింటికి లేచి
బస్సు తోలొచ్చిన దాన్ని,
సగం కునుకులో ఎప్పుడు నవ్వానో,
దేనికి నవ్వానో.

ఆదివారం మా ఇంట్లో జనం.
పైవాటా ఇడ్రిస్ తాత తన కుర్చీ తానే తెచ్చుకున్నాడు.
గ్వెనెత్ చిప్స్, మావారు మిరపకాయ బజ్జీలు.
నాలుగు సెకన్లు వచ్చాను.
అందులో మూడు నా ఎడమ బూటుకే పోయాయి.
"నీలం పెదాలేవే?" అంది గ్వెనెత్.
కత్తెరకి తెలియాలి.
తర్వాత పోలీసులు నాకో పేరు కనిపెట్టారు,
ఏ దేశానిదో ఏ దేశం వాళ్లూ చెప్పలేని పేరు.
"అమ్మా, నిన్నెవరు చంపారు?" అంది మా చిన్నది.
"నాకిచ్చిన కాగితంలో అది లేదే.
ఆరో ఎపిసోడ్ దాకా ఆగు."

గురువారం లేటు షిఫ్టు.
అందరూ పడుకున్నాక
చల్లారిన పప్పన్నం ఒళ్లో పెట్టుకుని
సౌండు తగ్గించి కామెడీ పెట్టాను.
వంటింట్లో అతను రొట్టె కోసం చెయ్యి చాపాడు.
రొట్టె ఇంకా ఎగరలేదు.
అప్పుడే, రెండొందల మంది కన్నా
అర సెకను ముందు,
ఒక్కత్తే ఎవరో పకపకా నవ్వి
చివర్న చిన్న గురక పెట్టింది.

ముద్ద చేతిలోనే ఉండిపోయింది.
వెనక్కి తిప్పాను. మళ్లీ తిప్పాను.
పప్పు చేతికి ఎండిపోయేదాకా
ఆవిణ్ణి నవ్విస్తూనే ఉన్నాను.

పొద్దున బస్సులో ముందు సీట్లో ఇద్దరు ముసలమ్మలు:
"కాలవ దగ్గర ఆ పిల్ల, పాపం,
ఎవరి బిడ్డో ఏమో."
"అవును, ఇంకా చిన్న వయసే."

నాకు నలభై ఏడు.
సిగ్నల్ ఎర్రగా ఉంది.
ఆరో ఎపిసోడ్ దాకా ఆగండి అని
వెనక్కి తిరిగి చెబుదామనుకున్నాను.
చెప్పేలోపే
అర సెకను ముందు
నవ్వొచ్చేసింది.