బయటి లంగరు

పెదవాల్తేరులో మా డాబా మీంచి చూస్తే
బెర్తు దొరకని ఓడలు ఏడు,
రాత్రంతా దీపాలు పెట్టుకుని
నీళ్లలో నిలబడి ఉన్నాయి.

నా దగ్గరా ఉంది అలాంటి వరసే.
ఎవరెవరో పంపిన ప్యాచ్‌లు, నలభై ఒకటి.
"చూస్తాను" అన్నాను అందరితో.
అన్నమాటా నిజం, చూడనిమాటా నిజం.

పదకొండేళ్లుగా మా డిస్ట్రోకి
కెర్నెల్ ప్యాకేజీ కట్టేది నేనే.
మూలం దించుకోవడం, దాని మీద మా ప్యాచ్‌లు పేర్చడం,
కాన్ఫిగ్ ఫైలు అడిగే వేల ప్రశ్నలకి
అవును, కాదు, మాడ్యూల్ అని జవాబివ్వడం.
ఏ ప్యాచ్ ముందో ఏది వెనకో
నా వేళ్లకి తెలుసు, కాగితానికి తెలీదు.
ఉన్న ఒక్క రీడ్‌మీలో ఆఖరి వాక్యం:
"తర్వాత మామూలుగానే."

సూరాడ దేవుడమ్మ వచ్చింది ఒక మధ్యాహ్నం.
ఫిషింగ్ హార్బర్లో
బోట్ల ఎకో సౌండర్లు బాగుచేస్తుందట.
ప్లాస్టిక్ సంచీలో లాప్‌టాప్,
చేతులకి డీజిల్ వాసన.
పోయిన అప్‌డేట్ తర్వాత
పన్నెండు బోట్లలో చేపల జాడ చూపే పెట్టె మూగబోయింది.
కారణం తనే పట్టుకుంది.
కాన్ఫిగ్‌లో ఒకే ఒక్క "కాదు".

ఆ "కాదు" నాది.
నాలుగేళ్ల కిందట, నిద్రమత్తులో,
ఇదెవరికి కావాలిలే అనుకుని.

"మీరు రాసిందల్లా చేసినానండి.
మామూలుగానే అన్నకాడ ఆగిపోనాను.
ఆ మామూలు ఏటండి?"
నేను తడుముకుంటుంటే నవ్వింది.
"మా జెట్టీ మీద మామూలంటే వేరే అర్థమండి."

చూపిస్తానని కూర్చున్నాను.
టకటకా కొట్టాను.
"ఆగండాగండి. ఇప్పుడేదో నొక్కినారు. ఎందుకు?"
ఎందుకో!
వెనక్కి తవ్వుకుంటూ పోతే తేలింది.
ఆరేళ్ల కిందట చచ్చిపోయిన సర్వర్‌కి
ప్రతి విడుదలకీ
తద్దినం పెడుతున్నాను.

రేవు కాలవలోకి ఓడ రావాలంటే పైలట్ ఎక్కాలి, సరే.
కానీ ఎర్ర బోయాలు, పచ్చ బోయాలు కూడా ఉంటాయి కదా.
నేను బోయాలన్నీ పీకి జేబులో వేసుకుని
నేనే పైలట్‌నని తిరుగుతున్నాను.

మూడు ఆదివారాలు పట్టింది.
ఆవిడ లాప్‌టాప్ మీదే కట్టాలని ఆవిడ పంతం,
నా పెద్ద మెషీన్ మీద కాదు.
మొత్తం కెర్నెల్ కట్టడానికి తొమ్మిది గంటలు,
ఏడో గంటలో కరెంటు పోయింది.
"ఒక్క మాడ్యూలే కట్టి చూసుకునే దారి లేదా?"
లేదు.
పదకొండేళ్లలో నాకు అవసరం పడలేదు.
ఆ రాత్రి వేశాను ఆ దారి, ఒక్క కమాండుతో.
ఆవిడ తడబడిన ప్రతిచోటా
నేను ఒక వాక్యం రాశాను,
లేదా ఒక స్క్రిప్టు కొట్టేశాను.
కొట్టేసినవే ఎక్కువ.

సంతకం పెట్టే తాళం నా దగ్గరే ఉంది ఇంకా.
తాళం ఉండడం తప్పు కాదు.
తలుపుకి గోడ రంగే వేయడం తప్పు.

దేవుడమ్మ ప్యాచ్ లోపలికొచ్చింది.
పన్నెండు పెట్టెలూ మళ్లీ మాట్లాడాయి.
ఆ తర్వాత పలాస నుంచి ఎవరో కుర్రాడు
నన్నేమీ అడక్కుండానే
కట్టి, పరీక్షించి, పంపాడు.
తప్పుల్లేవు.
నిజం చెప్పొద్దూ,
కాస్త కడుపు మండింది.

రీడ్‌మీలో ఆఖరి వాక్యం ఆవిడే తీసేసింది.
అక్కడ ఇప్పుడిలా ఉంది:
"ఇక్కడ ఆగిపోతే తప్పు మీది కాదు.
ఎక్కడ ఆగిపోయారో మాకు రాయండి."

నా వరసలో ఇంకా ముప్ఫై మూడు.
కొందరికి జవాబు రాస్తే
ఎప్పుడో వదిలేశామండి అన్నారు.

ఈ రాత్రి మళ్లీ లెక్కపెట్టాను ఓడల్ని.
ఆరు.
ఏడోది లోపలికొచ్చిందో,
విసిగి మరో రేవుకి వెళ్లిపోయిందో,
ఈ డాబా మీంచి
తెలీదు.