కింది రంగు

మాల్టా స్పిట్‌ఫైర్‌కి వేసిన నీలం ఏ నీలమో
ఇప్పటికీ మాకు తేలలేదు.
ఎడారి రంగుతో బయల్దేరిన వాటికి
దారిలో, ఓడ మీదే
దొరికిన డబ్బాలోంచి దొరికినంత పూశారట.
మా క్లబ్బులో దీని మీద రెండు స్నేహాలు చెడ్డాయి.
ఒకటి మాత్రం ఈస్టరుకి అతుక్కుంది.

నేను సోడా మూతలో కలుపుతాను:
మూడు చుక్కల నీలం, ఒక చుక్క నలుపు,
పుల్లమొన మీద నిలిచినంత పచ్చ.
సున్నాలు మూడున్న కుంచె.
ఊపిరి బిగబట్టి రెక్క అంచు దాటించాలి,
దాటాక వదలాలి.
మధ్యలో తుమ్మితే అయిదు గంటల పని నీళ్లపాలు.

నూట నలభై నాలుగో వంతు విమానం.
శ్రద్ధంతా వీపు మీదే.
బల్ల చుట్టూ నిలబడి ఆడేవాళ్లకి
కనబడేది వీపే కదా.
మచ్చల అంచులు, గుండ్రటి గుర్తులు,
సాసర్లో నాని పట్టుకారు కొసన జారే అంకెలు,
పొగగొట్టాల వెనక పొడికుంచెతో రుద్దిన మసి.
కడుపుకి ఒక్క పూత. లేత నీలం. చాలు.
దాని నడుమ డ్రిల్లుతో ఒక కన్నం,
గాజులాంటి పుల్ల మీద నిలబెట్టడానికి.

మంగళవారాలు చెన్సా అత్త మెట్లు దిగి వస్తుంది
కాగితంలో బఠాణీ పేస్ట్రీలతో.
తొంభైకి ఒకటి తక్కువ. కళ్లద్దాలు నుదుటి మీద.
ఆరిందో లేదో అడగకుండా
యుంకర్స్ ఎనభై ఎనిమిదిని తీసుకుంది.
దాని ముక్కుకే,
ఆ ఈగకన్నులాంటి పలకల గాజు ముక్కుకే,
రెండు వారాలు పట్టింది నాకు.
వీపు చూసి పెదవి విరిచింది.
"ఇదెవరో నాకు తెలీదు."

చెయ్యి చాచి తల మీదికి ఎత్తింది,
దీపం దాకా.
మెడ వెనక్కి వాల్చింది.
"ఆఁ. వీడే."

కాగితం మీద నూనె మెల్లగా పాకింది.

"కడుపు ఇంత శుభ్రంగా ఉండేది కాదు.
ఇక్కణ్నుంచి ఇక్కడికి చమురు చార.
ఇక్కడ తలుపులు.
తెరుచుకుంటే లోపల చీకటి.
పట్టపగలు, ఆకాశంలో, చీకటి."
గోరుతో గీసి చూపించింది.
"ఈ కన్నమేంటి?"
స్టాండు గుచ్చడానికి, అన్నాను, లేకపోతే పడిపోతుంది.
"అసలువాటికి ఏ ఊతా లేదు.
ఎంత మొక్కినా పడేవి కావు."

తర్వాత అడిగింది, ఈ లెక్కన తను ఎంతుండేదని.
అప్పటికి ఎనిమిదేళ్లు. బక్కపిల్ల.
రాతి సొరంగం మెట్ల మీద
లోపలికి లాగే చేతుల్ని విదిలించుకుంటూ.
క్యాలిక్యులేటరు నొక్కాను.
ఎనిమిది మిల్లీమీటర్లు.
పొడుగు బియ్యపు గింజ.

"మరి నేనెక్కడ?"
ఆరుమూలల గళ్ల గుడ్డ మీద వెతికింది.
అంతా సముద్రం. ఒక మూలన మా ద్వీపం,
చొక్కా గుండీ అంత.
విమానాలకో కొలత, దూరాలకో కొలత అత్తా,
లేకపోతే బల్ల చాలదు.
"సరేలే" అంది, "ఎప్పుడూ అంతే."
ఒళ్లోని పేస్ట్రీ రజను దులిపి లేచింది.
సగం నేల మీద, సగం సముద్రం మీద.

ఆ రాత్రి కడుపులు మొదలుపెట్టాను.
పన్నెండు విమానాలు వెల్లకిలా.
తలుపుల సందుల్లో పల్చటి నలుపు దించి,
చమురు చారలు వేలితో సాగదీసి,
కన్నం అంచు వరకూ.
గోటి గీత మీద మాత్రం రంగు వెయ్యలేదు.

గురువారం సాల్వు పాచికలు దొర్లించాడు.
ఆరు. ఆరు.
నా యుంకర్స్‌ని పుల్ల మీంచి ఊడదీసి
బల్ల అంచున వెల్లకిలా పడుకోబెట్టాను.
కూలినవాటిని అలా పెట్టడం మా ఆనవాయితీ.
సాల్వు వంగాడు.
"ఇక్కడెందుకురా ఇంత పని? ఎవడు చూస్తాడు?"

వెయ్యి, నీ వంతే, అన్నాను.

వెయ్యలేదు.
పాచికలు గుప్పిట్లో పట్టుకుని
ఆ కన్నంలోకే చూస్తున్నాడు.