చదవకూడని రోజు

తెల్లవారుజాము మూడింటికి
గియాన్యార్ సంతలో లేత కొబ్బరాకు చీలుస్తాను.
అరచేతిలో ఇమిడే గిన్నె, నాలుగు మూలలు, వెదురు పుల్లలు.
తూర్పున తెలుపు, దక్షిణాన ఎరుపు,
పడమట పసుపు, ఉత్తరాన నీలం.
చిటికెడు సున్నం, తమలపాకు ముక్క.
కొందరు బిస్కెట్టు కూడా పెట్టమంటారు,
దేవుళ్ళ రుచులు మారాయి కాబోలు.

కొనేవాళ్ళు స్కూటర్ దిగరు.
బ్యాంకు యూనిఫాం, చెవిలో వైరు,
"అల్లుకునే తీరిక మాకెక్కడిది, రస్మినీ" అంటారు.
నిజమే.
వాళ్ళిళ్ళ దేవుళ్ళందరూ నా చేతి కూడే తింటారు.
నాకు మాత్రం ఏ ఇంటి దేవుడూ బాకీ లేడు.

పెళ్ళినాడు నాన్న ఇంటి గుళ్ళో కూర్చోబెట్టి
తాతముత్తాతలకి చెప్పించారు, సెలవని.
అత్తింటి గుళ్ళో ఇంకెవరి తాతలకో చెప్పించారు, వచ్చానని.
తొమ్మిదేళ్ళకి వాళ్ళకీ సెలవు చెప్పాను.
పిల్ల తండ్రి వంశానిది అన్నారు.
ఎవరూ అరవలేదు, పెద్దల సభలో టీ కూడా ఇచ్చారు.
"పద్ధతి" అన్నారు,
వానొచ్చిందన్నట్టు.

ఇప్పుడు అన్న ఇంట్లో వెనక గది నాది.
వదిన మంచిదే.
వరి తల్లి ఆడది, చెరువు తల్లి ఆడది, చదువుల తల్లి ఆడది,
మరి పొలం కాగితం మీద, నీటి సంఘంలో, సభలో చెయ్యెత్తేచోట
ముగ్గురిలో ఒక్కతీ కనపడదేం వదినా, అంటే
నోర్ముయ్యమంటుంది,
కాసేపాగి తనే నవ్వుతుంది.
నెలలో ఆ మూడు రోజులు గుడి వాకిట బోర్డు నన్ను ఆపుతుంది.
అప్పుడు వదిన అల్లుతుంది, నేను డబ్బు లెక్కపెడతాను.
డబ్బుకి మైల లేదు.

శనివారం సరస్వతి రోజు.
రెండు వందల పది రోజులకొకసారి వస్తుంది.
పుస్తకాలన్నీ పేర్చి పూలు చల్లుతాం,
ఆ ఒక్కరోజు అక్షరం చదవకూడదు, రాయకూడదు.
గిన్నెలు దించే వంకతో బడికెళ్ళాను.
తెల్ల చొక్కాల వరసలో నా సెకర్.
నడుముకి పసుపు గుడ్డ,
నానమ్మ వేసిన జడ, నేను వేసేదానికన్నా నున్నగా.
బుట్ట అందుకుంటూ నా చేతిలో ఏదో కుక్కింది,
బఠాణీ అంత కాగితం మడత.
"రేపు చదువమ్మా. ఇవాళ తప్పు.
నేను నిన్ననే రాశాలే."

రాత్రంతా అది రవికెలో గరగరలాడింది.
విప్పితే చూసేదెవరు? పక్క గదిలో అన్న గురక.
నాలుగు చేతుల్లో ఒకదాంట్లో తాటాకు పుస్తకం పట్టుకుని
ఇవాళ తనూ చదవకూడక
ఆ తల్లి ఎలా కూర్చుందో పాపం,
అనుకుంటే నవ్వొచ్చింది.
ఆగాను.

ఆదివారం చీకటితోనే మస్చెతి తీరం.
నల్ల ఇసక, నల్ల నీళ్ళు,
నిన్న పూజించిన చదువుని ఒంటికి పట్టించుకోడానికి
జనమంతా తలలు ముంచుతున్నారు.
ముందు మునగాలి, తరవాతే ఏదైనా.
నేను మోకాలి లోతులోనే ఆగి
ఫోను వెలుగులో విప్పాను.

"అమ్మా, నీ కోసం దండం పెట్టేటప్పుడు ఏ దిక్కుకి తిరగాలి?
మన ఇంటి," అది కొట్టేసి, "మా ఇంటి గుళ్ళో నువ్వు లేవట.
నాన్న అడగొద్దన్నాడు.
పసుపు పువ్వు మూల ఊడిపోతోంది, నేర్పు."

విడాకుల సంతకం పెట్టిన రోజు
దిక్కులేనిదానివైపోతావని నలుగురూ అన్నారు.
నువ్వు ఏ దిక్కని అడిగింది ఇదొక్కతే.

ఒకచోట అక్షరం తప్పు పోయింది.
గోటితో దిద్దుతుంటే అల వచ్చి
నడుం దాకా తడిపింది, కాగితాన్ని తల మీదికెత్తాను,
పక్కన మునిగి లేచిన ముసలాయన
అదేదో మొక్కనుకుని తనూ చేతులెత్తాడు.

సోమవారం హోటలుకి ఆరు వందలు అల్లాలి.
అయినా బడి వదిలే వేళకి గోడ పక్కన స్కూటర్ ఆపుతాను,
సీటు కింద లేత ఆకు, కత్తి, పుల్లలు.
ముందు మూల బిగించడం చూపిస్తాను.
దిక్కు సంగతి
నాకూ ఇంకా తెలీదు.