మాట్లాడినవాళ్ళ పేర్లు

టెన్త్ బి సెక్షనుకి నేను లీడర్ని.
మేష్టారు స్టాఫ్ రూముకి వెళ్ళగానే
సుద్దముక్క నా చేతికొచ్చేది.
బోర్డుకి ఎడమవైపు నిలువుగీత గీసి
"మాట్లాడినవారు" అని రాసేవాణ్ణి.
దాని కింద మీరందరూ.

ఏడుకొండలు పేరు పక్కన ఇంటూ మార్కులు
చోటు చాలక కింది వరుసలోకి జారేవి.
కరుణమ్మ పేరు ఒక్కసారే రాశాను.
పక్కమ్మాయిని పెన్సిలు చెక్కుకునే బ్లేడు అడిగింది, అంతే.
రెండు చేతుల మీదా బెత్తం దెబ్బలు తిని
నా వంక చూడకుండా కూర్చుంది.

మొన్న రాజోలులో కలిశాం కదా,
ముప్ఫై ఎనిమిదేళ్ళకి.
శాలువాలు కప్పుకున్నాం.
ఫోటో కోసం పొట్టలు లోపలికి లాక్కున్నాం.
పనసపొట్టు కూరలో ఆవ కుదిరిందన్నాం.
ఎవరికెంత షుగరో చెప్పుకున్నాం.
నాలుగున్నరకి ఎవరి బస్సు వాళ్ళది.

బోర్డు మీద రాయడానికి
ఒక్క పేరూ దొరకలేదు నాకు.

చేతులు కడుక్కుంటూ అన్నవరాన్ని అడిగాను,
మన సంగతులు మనం రాసుకుంటే ఎలా ఉంటుందిరా అని.
"నాదేవుంది రాయడానికి?
ఈ ఒడ్డు నించి ఆ ఒడ్డుకి పంటు తోలాను.
వంతెన వచ్చింది. మానేశాను."

ఒరే అన్నవరం,
అందులో గోదారేదిరా?
పొగమంచులో, ఇసుకమేటలు తప్పిస్తూ
నెప్పులు పడుతున్న మనిషిని దాటించిన రాత్రేది?
పిల్ల పంటు మీదే పుట్టిందని ఊరంతా చెప్పుకుంది,
నువ్వు చెప్పగా మాత్రం ఎవరూ వినలేదు.
తెల్లారాక ఆ చెక్కలు
ఎన్ని బిందెల నీళ్ళతో కడిగావు?
అది రాయి. అదొక్కటే రాసినా చాలు.

నేనూ పెద్ద రాతగాణ్ణేం కాదు.
రిజిస్ట్రారాఫీసు ఎదురుగా రేకుల షెడ్డులో
ముప్ఫై రెండేళ్ళుగా దస్తావేజులు రాస్తున్నాను.
మీలో సగం మంది హద్దులు నా చేతిరాతే.
తూర్పు: పంటబోదె. దక్షిణం: గుబ్బల వారి కొబ్బరితోట.
పడమర: పుంత. ఉత్తరం: మురుగుకాలవ.
ఏడుకొండలు అమ్ముకున్న ఇరవై సెంట్లకి
"కుటుంబ అవసరముల నిమిత్తము" అని రాశాను.
ఏం అవసరంరా అని అడగలేదు.
స్టాంపు కాగితంలో దానికి జాగా ఉండదు.

ఆ అవసరం పేరు రాయి, ఏడుకొండలూ.
తొంభై ఆరు తుఫానుకి చెట్లన్నీ ఒకే పక్కకి పడుకుంటే
దింపు తీసేవాడు ఆ ఏడాదంతా ఏం తిన్నాడో రాయి.

అచ్యుతరామరాజూ, ఎకరాల లెక్కలొద్దు, అవి నాకు తెలుసు.
రొయ్య తెల్లమచ్చతో తేలిన రాత్రి
ఏరేటర్లు ఆపేసి
చెరువుగట్టు మీద ఒక్కడివే
తెల్లారేదాకా ఎందుకు నిలబడ్డావు?

కరుణమ్మా,
కువైట్‌లో పంతొమ్మిదేళ్ళు ఎవరి పిల్లలకో
ఏ భాషలో జోల పాడావు?
మొదటిసారి నువ్వు ఇంటికొచ్చినప్పుడు
నీ కూతురు నిన్ను "ఏవండీ" అని పిలిచిందట.
రాయాలనిపించకపోతే రాయకు.
కాగితం మాత్రం దగ్గరుంచుకో.

అందరికీ వంద పేజీల రూళ్ళ పుస్తకం పంపుతున్నాను.
కొందరికి ఆర్టీసీ పార్సిల్లో,
దిండి అవతల వాళ్ళకి అన్నవరం చేత.
మొదటి పేజీ దేవుడికి వదిలెయ్యకండి, దండగ.
గుణింతం తప్పితే తప్పనివ్వండి,
ఒత్తు మర్చిపోతే మర్చిపోండి,
ఇప్పుడు గోడకుర్చీ వేయించేవాళ్ళెవరూ లేరు.
"కష్టపడి పైకొచ్చాను" అని మాత్రం రాయొద్దు.
ఏ మెట్టు దగ్గర కూలబడ్డారో రాయండి.

ఇంకో మాట.
క్లాసులో నేనూ మాట్లాడేవాణ్ణి, మీకంటే ఎక్కువే.
సుద్దముక్క నా దగ్గరుంది గనక
నా పేరు ఏనాడూ బోర్డెక్కలేదు.

నా పుస్తకం నిన్న రాత్రి మొదలుపెట్టాను.
దస్తావేజు అలవాటు కదా, ముందుగా
"నా పూర్తి ఇష్టంతో, ఎవరి బలవంతమూ లేకుండా" అని రాసి
కొట్టేశాను.
తర్వాతి లైను ఇది:

కరుణమ్మ ఆ రోజు మాట్లాడలేదు.
లెక్కల్లో తనకి నాకంటే
రెండు మార్కులు ఎక్కువొచ్చాయి.