బ కింద వెతుకు

గుణుపురంలో విత్తనాల కొట్టు.
రేకుల కప్పు, నాలుగు చెక్క అరలు,
నూట నలభై మూడు సీసాలు,
కొత్తగా ఒక కంప్యూటర్,
కొత్తగా నేను.

సుభాషిణి మేడమ్ కుర్చీ జరుపుకుని చెప్పింది:
"సీసాకి మూత ఒకటే. పేర్లకి లెక్క లేదు.
ఎవరు ఏ మాటతో అడుగుతారో
ఆ మాటలన్నీ ఈ గడిలో కొట్టు,
మధ్యలో కామా పెట్టు. ట్యాగులంటే అవే."

తలూపాను.
నాన్న మేకల చెవులకి కట్టే
రంగు దారాలు గుర్తొచ్చాయి.

ఒక్క వేలితో, అచ్చు అచ్చూ ఏరుకుంటూ
చోడి అని కొట్టాను.
మధ్యాహ్నం ఒకాయనొచ్చి మాండియా ఉందా అన్నాడు.
వెతికాను. లేదంది.
లేదన్నాను.
ఆయన ఏమీ అనలేదు, వేలు చాపాడంతే.
నా భుజం పక్కనే, సీసా నిండా,
ఎర్రగా, గుండ్రంగా,
పొద్దుటి నుంచీ నన్నే చూస్తూ చోళ్ళు.

ఆ వారమంతా కామాలే.
గుమ్మడి, కఖారు.
కొర్ర, కంగు.
కంది, హరడ.
సవర మాటలో ఇంకో పేరుందట ప్రతిదానికీ;
రెండుసార్లు చెప్పించుకున్నా నా చెవికి పట్టలేదు.
మూడోసారి అడగడానికి సిగ్గేసి
ఆ గడి ఖాళీగా వదిలేశాను.

తర్వాత అతి చేశాను.
గింజ, విత్తనం, మంచిది, పాతది
ప్రతి సీసాకీ తగిలించాను.
మేడమ్ 'మంచిది' అని వెతికింది.
నూట నలభై మూడూ వచ్చి వరసలో నిలబడ్డాయి.
"అందరికీ పెట్టిన పేరు ఎవరికీ పెట్టనట్టే" అంది,
టీ చల్లారేదాకా నాచేత తుడిపించింది.

శనివారం, సంత రోజు,
సుంబారి గొమాంగో కొండ దిగొచ్చింది.
"ఏరు పొంగిన ఏడు మా వదిన జల్లింది సూడు,
ఆ సిక్కుడు కావాల."
వదిన అని కొట్టాను. లేదు.
ఏరు అని కొట్టాను. లేదు.
చిక్కుడు అంటే పదకొండు వచ్చాయి,
పదకొండుమందిలో వదిన ఎవరో
యంత్రానికేం తెలుసు.

ఆమె నన్ను పక్కకి జరిపింది.
మూత తీసి వాసన చూసింది,
మూసింది.
ఇంకోటి తీసి, అరచేతిలో దొర్లించి,
గోటితో గిల్లి, మూసింది.
నేను వెనకే తిరిగాను
అడుగడుక్కీ ఏమిటి చూస్తున్నావని అడుగుతూ.
"సూత్తన్నానా? ఇంటన్నాను" అంది.
తొమ్మిదో సీసాని చెవి దగ్గర ఊపింది.
"ఇదే."

ఆ సీసా మీద నా చేతిరాత: చిక్కుడు ఏడు.
దాని కింద, ఆమె నిలబడి ఉండగానే, కొట్టాను:
వదిన చిక్కుడు, ఏరు పొంగిన ఏడు,
బొడ్డు దగ్గర నల్లమచ్చ, ఊపితే గట్టి చప్పుడు.
గడి అన్నిటినీ మింగింది, కాదనలేదు.
ఖాళీగా వదిలిన పేర్లు కూడా ఆవేళే అడిగాను.
మూడోసారి, నాలుగోసారి.
ఆమె నవ్వింది గానీ చెప్పింది.

నెలాఖరుకి జీతాల పట్టీ వచ్చింది.
నా పేరు కోసం వెతికాను. వనజ. లేదు.
ఇంకోసారి, నెమ్మదిగా. వ, న, జ. లేదు.
గొంతులో ఏదో అడ్డం పడింది.
మేడమ్ తల ఎత్తకుండానే అంది:
"బ కింద వెతుకు."
ఉన్నాను.
బనజా అని, బడిలో పంతులు రాసినట్టే,
రేషన్ కార్డులో ఉన్నట్టే,
ఇంట్లో ఎవరూ పిలవనట్టు.

సాయంత్రం వంతెన మీద సైకిలు ఆపాను.
ఇక్కడి బోర్డు మీద బంశధార.
నీళ్ళు దిగువకి పోతున్నాయి,
హద్దు దాటాక వంశధార అవడానికి;
ఎక్కడ మారుతుందో చూద్దామని
ఒకసారి చిన్నప్పుడు గట్టు వెంట నడిచాను కూడా.
కాళ్ళు నొప్పెట్టాయి. కనపడలేదు.

మర్నాడు కొట్టు తెరిచి
సిబ్బంది పేజీలో నా గడి దగ్గర
వనజ, కామా, బనజా అని కొట్టాను.
ఇంకో కామా పెట్టి కాసేపు ఆగాను.
సుంబారి పోతూ పోతూ పిలిచింది కూడా చేర్చాను:
సీసాల గుంట.